మున్సిపల్ బడికి డబ్బు ఎందుకు చాలదు: అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టాలోని ఒక పురపాలక సంఘంలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. బడ్జెట్ అంచనాలు తయారయ్యే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ, బడులు తెరిచే జూన్‌లోనూ తల్లిదండ్రులు, వార్డు పెద్దలు, అప్పుడప్పుడు విలేకరులు మా గదికి వచ్చి ఒకే ప్రశ్న వేస్తారు: ఇంత పన్ను వసూలు చేసే మున్సిపాలిటీ దగ్గర బడి పైకప్పు బాగుచేయించడానికి డబ్బు ఎందుకు ఉండదని. అడగవలసిన ప్రశ్నే. అయితే బడికి చేరే డబ్బు ఒక్క ఖాతా నుంచి రాదు. ఉమ్మడి కుటుంబంలో ఒక్కొక్కరి పేర ఒక్కో పాసుపుస్తకం ఉన్నట్టు, ఏ పద్దు షరతులు ఆ పద్దుకే ఉంటాయి. ఏ పుస్తకంలో సొమ్ము తక్కువైందో తెలియకుండా అడగడం వల్ల, న్యాయమైన అర్జీ కూడా తప్పు బల్ల మీదికి చేరి అక్కడే ఉండిపోతోంది.

అపోహ: పట్టణంలో ఉన్న ప్రభుత్వ బడులన్నీ మున్సిపాలిటీవే.

వాస్తవం: కావు. ఒకే పట్టణంలో మున్సిపల్ పాఠశాల, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, ఎయిడెడ్ పాఠశాల పక్కపక్క వీధుల్లోనే ఉండవచ్చు. శివారు పంచాయతీలు పట్టణంలో విలీనమైన చోట్ల ఈ గందరగోళం మరింత ఎక్కువ. గేటు మీద బోర్డు చదివితే సగం సంగతి తెలుస్తుంది. మిగతా సగం స్థలం ఎవరి పేర ఉందో చూస్తేనే తేలుతుంది, ఎందుకంటే తనది కాని కట్టడం మీద మున్సిపాలిటీ సాధారణ నిధి ఖర్చుపెడితే ఆడిట్‌లో అభ్యంతరం రాయడం ఖాయం. రాజ్యాంగంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో సహా విద్య అని స్పష్టంగా ఉండగా, పట్టణ సంస్థలకు సంబంధించిన 12వ షెడ్యూలులో సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాలను ప్రోత్సహించడం అని మాత్రమే ఉంది.

అపోహ: టీచరు పోస్టు ఖాళీగా ఉందంటే జీతం ఇవ్వడానికి మున్సిపాలిటీ దగ్గర డబ్బు లేదన్నమాట.

వాస్తవం: మున్సిపల్ ఉపాధ్యాయుల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి, మీరు కట్టిన ఇంటిపన్నుకూ వాటికీ సంబంధం లేదు. పోస్టుల సంఖ్యను విద్యార్థుల సంఖ్యను బట్టి రాష్ట్రమే నిర్ణయిస్తుంది. పైగా 2022లో మున్సిపల్ పాఠశాలల పర్యవేక్షణ బాధ్యతను ప్రభుత్వం పాఠశాల విద్యాశాఖకు అప్పగించింది. భవనాలు, స్థలాలు మాత్రం పురపాలక సంఘాల ఆస్తిగానే మిగిలాయి. ఇప్పుడు తరగతి గది లోపల జరిగే బోధన ఒక శాఖది, తల మీద ఉన్న శ్లాబు మరొక శాఖది. నా అభిప్రాయంలో మొత్తం చిక్కులో సగం ఇక్కడే ఉంది. ప్రధానోపాధ్యాయుడు రాసిన లేఖ మండల విద్యాశాఖాధికారికి వెళ్తుంది, అక్కడి నుంచి మాకు రావాలి. మా ఇంజనీరింగ్ విభాగానికి నేరుగా ఒక నకలు ఇవ్వకపోతే ఆ లేఖ దారిలోనే పాతబడుతుంది.

అపోహ: బడ్జెట్‌లో మిగులు చూపించారు కాబట్టి డబ్బు ఉంది, ఇవ్వడానికే మనసు లేదు.

వాస్తవం: పత్రికల్లో వచ్చే "మిగులు బడ్జెట్" అన్న శీర్షిక వల్ల మాకు వచ్చినంత చెడ్డపేరు మరే మాట వల్లా రాలేదు. మున్సిపల్ బడ్జెట్ పుస్తకంలో ప్రారంభ నిల్వ, జమలు, ఖర్చులు, ముగింపు నిల్వ అని నాలుగు వరుసలుంటాయి. జమల వరుసలో రాసేది రాబోయే ఏడాది వస్తుందని అనుకునే మొత్తమే తప్ప చేతికి వచ్చిన మొత్తం కాదు. ఇంటిపన్ను డిమాండు మొత్తాన్నీ, దానితోపాటు ఏళ్ల తరబడి పేరుకున్న బకాయినీ జమగా చూపిస్తే ఏ పట్టణానికైనా మిగులే వస్తుంది. ఆ బకాయిల్లో కోర్టు వివాదాలు, తాళం వేసిన ఇళ్లు, ప్రభుత్వ కార్యాలయాలు కట్టవలసిన పన్ను అన్నీ కలిసి ఉంటాయి.

ఉదాహరణకు ఒక పట్టణం ఇంటిపన్ను కింద రూ.6 కోట్లు వస్తుందని అంచనా వేసి, రూ.4 కోట్లు వసూలు చేసిందనుకుందాం. తగ్గిన రూ.2 కోట్లను పారిశుద్ధ్య కార్మికుల జీతాల్లోంచో, వీధి దీపాల కరెంటు బిల్లులోంచో, మంచినీటి పంపుల నిర్వహణలోంచో కోయడం సాధ్యం కాదు. అవి ఆగితే మూడో రోజుకు ఊరు ఆగుతుంది. కోత పడేది "మరమ్మతులు" అన్న పద్దు మీదే, బడి శ్లాబు ఆ పద్దులోనే ఉంటుంది. ముగింపు నిల్వగా కనిపించే మొత్తంలో కూడా ఎక్కువ భాగం ఏదో ఒక పథకానికి ముడిపడిన గ్రాంటే తప్ప చేతికి దొరికే సొమ్ము కాదు. అందువల్ల బడ్జెట్ ప్రతిని అడిగేవారు అంచనాల పేజీతో సరిపెట్టుకోకుండా, గత ఏడాది సవరించిన అంచనాలనూ వాస్తవ వసూళ్లనూ పక్కన పెట్టుకుని చూడాలి. డిమాండు, వసూలు, బకాయి పట్టికను మేము డీసీబీ అంటాం. పట్టణం ఆర్థిక స్థితి ఆ ఒక్క కాగితంలో కనిపించినంతగా బడ్జెట్ ప్రసంగంలో కనిపించదు.

అపోహ: ఆర్థిక సంఘం నిధులు వచ్చాయిగా, అందులోంచి బడికి వాడవచ్చు.

వాస్తవం: కొంతవరకే. కేంద్ర నిధుల్లో రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ వాటాలు సిఫారసు చేసే ఆర్థిక సంఘాల్లో 15వది 2021-22 నుంచి 2025-26 వరకు మన డెల్టా పట్టణాల వంటి వాటికి సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, వాననీటి సంరక్షణ, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ వంటి వాటికే ముడిపెట్టి ఇచ్చింది. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడే వీలుండేది కానీ జీతాలకూ కార్యాలయ ఖర్చులకూ వాడకూడదన్న షరతు ఉండేది. ఆ 40 శాతానికి రోడ్లు, కాలువ గట్లు, శ్మశానవాటికలు అన్నీ పోటీకి వచ్చేవి. మరో మార్గం కూడా ఉంది. బడికి మంచినీటి కుళాయి లైను, ఆవరణలో వాననీటి సంరక్షణ వంటి పనులను ఆ పేరుతోనే విడిగా అంచనా వేయిస్తే, ముడిపెట్టిన నిధి నుంచి చేయించుకునే వీలుంటుంది. "బడి అభివృద్ధి" అని ఒకే అంచనాలో అన్నీ కలిపి పెడితే అది ఏ పద్దులోనూ ఇమడదు.

అపోహ: పిల్లలు తగ్గారు కాబట్టి ఖర్చు తగ్గింది, ఉన్న డబ్బు చాలు.

వాస్తవం: సమగ్ర శిక్ష అనే కేంద్ర, రాష్ట్ర ఉమ్మడి పథకం కింద ప్రతి బడికీ ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి మెట్లు మెట్లుగా ఉంటుంది. 30 మంది వరకు రూ.10,000, 100 మంది వరకు రూ.25,000, 250 మంది వరకు రూ.50,000, 1,000 మంది వరకు రూ.75,000, అంతకు మించితే రూ.1,00,000. ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రత పనులకు ఖర్చుపెట్టాలి. 104 మంది ఉన్న బడిలో ఆరుగురు ప్రైవేటు బడి బస్సెక్కితే సంఖ్య 98కి దిగుతుంది, గ్రాంటు ఒక్కసారిగా సగమవుతుంది. గదులు, ఫ్యాన్లు, మరుగుదొడ్లు, నీటి మోటారు మాత్రం నిన్న ఎన్ని ఉన్నాయో ఈ రోజూ అన్నే. సుద్దముక్కల నుంచి చిన్న మరమ్మతుల వరకు ఈ గ్రాంటులోనే సర్దుకోవాలి కాబట్టి, విద్యార్థులు తగ్గిన బడికే తల ఒక్కింటికి ఖర్చు పెరుగుతుంది. కొత్త ఏడాది ప్రవేశాల కోసం ఉపాధ్యాయులు వేసవి ఎండలో ఇల్లిల్లూ తిరగడానికి గల కారణాల్లో ఇదీ ఒకటి.

అపోహ: తల్లికి వందనంలో తగ్గించిన రూ.2,000 మున్సిపాలిటీకి వస్తుంది.

వాస్తవం: రాదు. బడికి వెళ్లే పిల్లల తల్లులకు రాష్ట్రం డబ్బిచ్చే పథకం అది. రూ.15,000లో తల్లి ఖాతాకు రూ.13,000 జమచేసి, మిగతాది మరుగుదొడ్లు, పాఠశాల నిర్వహణ కోసమని ప్రభుత్వం పక్కన పెడుతుంది. అది మున్సిపల్ ఖాతాలో పడదు. మధ్యాహ్న భోజనం సంగతీ అంతే. కోనసీమ లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న ఆ పథకానికి బియ్యం, వంట ఖర్చు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నుంచి వస్తాయి.

అపోహ: ఆస్తిపన్ను విధానం మారాక మున్సిపాలిటీల పంట పండింది.

వాస్తవం: 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువకు బదులు మూలధన విలువ, అంటే స్థలం, కట్టడాల విలువ ఆధారంగా పన్ను వేస్తున్న మాట నిజమే. అయితే ఏటా పెరుగుదల అంతకు ముందటి ఏడాది పన్ను మీద 15 శాతానికి మించకూడదన్న పరిమితి ఉంది. రూ.2,000 కట్టే ఇంటికి ఆ ఏడాది గరిష్ఠంగా పెరిగేది రూ.300. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం రాయితీ, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. కొన్ని సంవత్సరాల్లో మార్చి నెలలో వడ్డీ రాయితీ ప్రకటిస్తారు. దానివల్ల ఆ నెల వసూలు పెరిగినా, సకాలంలో కట్టేవారికి అది ఇచ్చే సందేశం నాకు ఎన్నడూ నచ్చలేదు. ఇక రసీదులో కనిపించే గ్రంథాలయ పన్ను, అంటే రూపాయికి 8 పైసలు, మాది కాదు. మేము వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయవలసిన సొమ్ము.

అపోహ: కౌన్సిల్ తీర్మానం అయిపోయింది కాబట్టి వేసవి సెలవుల్లో పని పూర్తవుతుంది.

వాస్తవం: తీర్మానం తర్వాతే అసలు నడక మొదలవుతుంది. పరిపాలనా ఆమోదం అయ్యాక సాంకేతిక మంజూరు కావాలి, తర్వాత టెండరు, ఒప్పందం, పని, ఎం.బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలతలు, బిల్లు, చెల్లింపు. బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కించాక కూడా చెల్లింపు మా చేతిలో ఉండదు. అది ఎప్పుడు పడుతుందో తెలియని చోట చిన్న గుత్తేదారు టెండరు వేయడానికే వెనకాడతాడు. రూ.3 లక్షల శ్లాబు మరమ్మతుకు ఒక్క టెండరూ రాక మళ్ళీ పిలవవలసి రావడం మాకు కొత్త కాదు.

డెల్టాలో దీనికి కాలం కూడా తోడవుతుంది. బడి పైకప్పు విప్పగలిగేది ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12న బడులు తెరిచే వరకే. సరిగ్గా అప్పుడే గోదావరి కాలువలకు నీరు ఆపేస్తారు. కాలువ నీటితో నింపుకున్న చెరువుల మీదే పట్టణం తాగునీరు ఆధారపడి ఉంటుంది కాబట్టి ఇంజనీరింగ్ సిబ్బంది అంతా మోటార్ల దగ్గరా ట్యాంకర్ల దగ్గరా ఉంటారు. కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది గనుక, బడ్జెట్ ఆమోదం తర్వాత దస్త్రం కదిలిస్తే టెండరు తెరిచేసరికి తొలకరి పడుతుంది. 2024లో మార్చి 16 నుంచి జూన్ మొదటి వారం దాకా ఎన్నికల నియమావళి అమలులో ఉండి, ఆ ఏటి వేసవిలో కొత్త పనులు మొదలుపెట్టే వీలే లేకపోయింది.

ఇక్కడ ఒక ఏడాది ఆలస్యం అంటే ఒక ఏడాది ఆలస్యం మాత్రమే కాదు. నరసాపురం వైపు ఉప్పుగాలి తగిలే పాత భవనాల్లో పెచ్చు ఊడిన చోట ఇనుము బయటపడుతుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి పక్క కాంక్రీటును కూడా పగలగొడుతుంది. వేలితో గీస్తే గోధుమరంగు పొరలు రాలే దశలో పూత పని సరిపోదు. మొదటి ఏడాది సిమెంటు పూతతో తీరే ఖర్చు రెండు వర్షాకాలాలు దాటేసరికి శ్లాబు మొత్తం మార్చే ఖర్చవుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు పునరావాస కేంద్రాలుగా తెరిచేదీ ఈ బడులనే. వందల మంది రెండు మూడు రోజులు ఉండి వెళ్లాక మరుగుదొడ్ల పరిస్థితి ఎలా ఉంటుందో, దాన్ని శుభ్రం చేసే ఖర్చు ఏ పద్దులో రాయాలో ప్రతిసారీ చర్చే.

కాబట్టి జూన్‌లో ఇచ్చే అర్జీ వచ్చే వేసవికి పనికొస్తుంది. ఆ ఏడాది పని కావాలంటే అంతకు ముందు దసరా నాటికి అంచనా తయారై, డిసెంబరు, జనవరి నెలల్లో ఎజెండాలోకి ఎక్కాలి. పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానాన్ని, పెచ్చులూడిన చోట్ల ఫోటోలతో సహా జతచేస్తే ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) అంచనా రాయడం సులభం, ఆడిట్‌కు సమాధానం చెప్పడం నాకు సులభం.

అపోహ: కౌన్సిల్ లేని పట్టణంలో అడగడానికి ఎవరూ ఉండరు.

వాస్తవం: 2021 మార్చిలో అమలాపురం, మండపేట, రామచంద్రపురం, నరసాపురం, నిడదవోలు, కొవ్వూరులలో ఎన్నికలు జరిగాయి; భీమవరం, పాలకొల్లు, తణుకు, తాడేపల్లిగూడెంలలో జరగలేదు. పాలకవర్గం లేనప్పుడు దాని అధికారాలు ప్రభుత్వం నియమించే ప్రత్యేకాధికారికి ఉంటాయి, బడ్జెట్ ఆమోదమూ పనుల మంజూరూ ఆయన సంతకంతోనే సాగుతాయి. సంతకం త్వరగా అవుతుందన్నది నిజమే, కానీ ఏ వార్డు బడి ముందు అన్న వాదన సభలో అందరి ఎదుటా జరగదు. ఆ పట్టణాల్లో అర్జీని సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, రసీదు మీద ఉన్న నంబరుతో ఇంజనీరింగ్ విభాగంలో అంచనా తయారైందా అని అడగడమే దారి.