కిర్లోస్కర్ పేరు వెనుక ఇనుప నాగలి

కిర్లోస్కర్ కుటుంబ శాఖల మధ్య వివాదం కొన్నేళ్లుగా కోర్టుల్లో నడుస్తోంది. మధ్యవర్తిత్వంతో పరిష్కరించుకోవచ్చునని 2021లో సుప్రీంకోర్టు సూచించింది. మన పల్లెల్లో బావి మోటార్ల మీద కనిపించే ఆ పేరు అంతకు ముందు నాగలి మీద ఉండేదన్న సంగతి ఈ తరానికి అంతగా తెలియదు.

1869లో బెళగావి ప్రాంతంలో పుట్టిన లక్ష్మణరావు కిర్లోస్కర్ చిత్రలేఖనం నేర్చుకోవడానికి బొంబాయి వెళ్లి, కొన్ని రంగులను పోల్చుకోలేని దృష్టిలోపం వల్ల దాన్ని విడిచిపెట్టి, యంత్రాల డ్రాయింగ్ నేర్చుకుని, అక్కడే సాంకేతిక విద్యాలయంలో అధ్యాపకుడయ్యారు. 1888లో అన్నతో కలిసి బెళగావిలో పెట్టిన సైకిళ్ల దుకాణం ఈ సంస్థకు తొలి మెట్టు. తనకు రావలసిన పదోన్నతి మరొకరికి దక్కడంతో ఆయన ఉద్యోగం మానేసి బెళగావి చేరుకున్నారు. మొదట చొప్ప నరికే యంత్రాన్ని, 1903లో ఇనుప నాగలిని తయారుచేశారు.

నాగలి అమ్మడం తయారుచేయడం కన్నా కష్టమైంది. కర్రనాగలి నేలను చీల్చుకుంటూ పోతుందే గానీ మట్టిని తిరగెయ్యదు, కలుపు వేళ్లు చాలు పక్కనే మిగిలిపోతాయి. రెక్క ఉన్న ఇనుప నాగలి మట్టిపెళ్లను లేపి బోర్లిస్తుంది, పైకి తేలిన వేళ్లు ఎండకు మాడిపోతాయి. అయినా ఇనుము తగిలితే భూమికి విషమెక్కుతుందని రైతులు భయపడటంతో, వారిని ఒప్పించడానికి సుమారు రెండేళ్లు పట్టింది. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు. ఏటా కొలిచే గింజలకే ఊరి వడ్రంగి బాగుచేసే నాగలిని వదిలి, విరిగితే పట్నం నుంచి భాగం తెప్పించుకోవలసిన పనిముట్టును నమ్మడమంటే, ఒక్క పంట మీద బతికే ఇంటికి చిన్న విషయం కాదు.

ఇంతలో బెళగావి పురపాలక సంఘం కార్ఖానా స్థలాన్ని ఖాళీ చేయమంది. ఆ కష్టకాలంలో నేటి మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు కుండల్ రోడ్డు రైల్వే స్టేషను దగ్గర 32 ఎకరాల బీడు భూమిని, పదివేల రూపాయల అప్పును ఇచ్చి ఆదుకున్నారు. బ్రహ్మజెముడు పొదలు నరికి, తాచుపాములు తిరిగే ఆ నేలను చదును చేసి, 1910లో పాతికమంది కార్మికులు, వారి కుటుంబాలతో కిర్లోస్కర్‌వాడీని నిలబెట్టారు. స్టేషనుకు కూడా తర్వాత ఆ పేరే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రాక్షసి బొగ్గు కరువైనప్పుడు కర్రబొగ్గుతో కొలిమి నడిపి, నాగళ్లు పోతపోయడం కొనసాగించారు.

1920లో కిర్లోస్కర్ బ్రదర్స్ లిమిటెడ్ కంపెనీగా మారింది. 1941లో హరిహర్‌లో లేత్ యంత్రాల తయారీకి మైసూర్ కిర్లోస్కర్, 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ ఏర్పడ్డాయి. బెళగావి దుకాణంలో ఇద్దరు అన్నదమ్ములు కలిసి వాడుకున్న ఒక్క పేరు ఆ విధంగా వేర్వేరు కంపెనీల మధ్య పంచుకోవలసిన ఆస్తి అయింది.