బడిలో మధ్యాహ్న భోజనం, దాని డబ్బు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఇది రేషన్ కార్డున్న పేద పిల్లలకే.

వాస్తవం: 2013 ఆహార భద్రతా చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి దాకా చదివే పిల్లలందరికీ ఈ భోజనం హక్కు. కార్డు, ఆదాయ ధ్రువపత్రం అడిగే పనే లేదు. తెలుగు రాష్ట్రాలు రెండూ 9, 10 తరగతులకూ పెడుతున్నాయి. ఆ ఖర్చు రాష్ట్రానిదే.

అపోహ: ఏడు రూపాయలైనా ఇవ్వరు, దాంతోనే అన్నం, కూర, వంటమనిషి జీతం అన్నీ సర్దుకోవాలి.

వాస్తవం: 2025 మే 1 నుంచి కుకింగ్ కాస్ట్ (వంట ఖర్చు) పూటకు ప్రాథమిక తరగతుల పిల్లలకు రూ.6.78, ప్రాథమికోన్నత (6 నుంచి 8 తరగతుల) పిల్లలకు రూ.10.17. కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరిస్తాయి. బియ్యం ఇందులో లేదు, అది ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) నుంచి ఉచితంగా వస్తుంది. వంటమనిషి గౌరవ వేతనమూ వేరే పద్దు: కేంద్రం లెక్కలో నెలకు రూ.1,000, అదీ ఏడాదికి పది నెలలే. 2009లో పెట్టిన అంకె ఇంకా అలాగే ఉంది. మన రాష్ట్రాలు పైన కలిపి రూ.3,000 చేశాయి. గుడ్డు కేంద్రం కనీస కొలతల్లో లేదు, దాని డబ్బు రాష్ట్రం విడిగా చూసుకుంటుంది. కుకింగ్ కాస్ట్ అంటే పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పుకారాలు, గ్యాసు, అంతే.

వాటికైనా ఈ డబ్బు చాలదు. మరీ ముఖ్యంగా చిన్న బడికి. ప్రాథమిక బడిలో 60 మంది తింటే రోజుకు రూ.406.80 వస్తుంది, 15 మంది తింటే రూ.101.70. ఆ 15 మందికి 300 గ్రాముల పప్పు, 750 గ్రాముల కూరగాయలు, 75 గ్రాముల నూనె పడాలి. సరుకు నాలుగో వంతుకు తగ్గినా గ్యాసు అంతగా తగ్గదు. అన్నానికో పొయ్యి, పప్పుకో పొయ్యి వెలిగించక తప్పదు. పైగా అంత కొంచెం సరుకు చిల్లర ధరకే దొరుకుతుంది. ఆ తేడా సాంబారులో తేలుతుంది: ముందు కూరగాయ ముక్కలు తగ్గుతాయి, తర్వాత నూనె. అందరికీ పది పైసలు పెంచేకన్నా చిన్న బడులకు ఇంధనం డబ్బు విడిగా ఇస్తే ఎక్కువ ఉపయోగం.

అపోహ: మనిషికి వంద గ్రాముల అన్నమే.

వాస్తవం: ఆ వంద గ్రాములు ప్రాథమిక తరగతుల కొలత, అదీ వండని బియ్యం. ఉడికితే రెండున్నర రెట్లకు పైనే అవుతుంది. 6 నుంచి 8 తరగతులకు 150 గ్రాములు, పప్పు 30, కూరగాయలు 75, నూనె 7.5.

అపోహ: రిజిస్టర్‌లో పేరున్న ప్రతివారికీ డబ్బు పడుతుంది, మిగిలింది ఎవరో తింటారు.

వాస్తవం: బిల్లు ఆ రోజు తిన్నవారి సంఖ్య మీదే. హాజరు 40, తిన్నవారు 37 అయితే 37కే. హాజరు పట్టీ, భోజన రిజిస్టరు, ఆన్‌లైన్‌లో ఎక్కించిన అంకె ఒకదానికొకటి కలవకపోతే బిల్లు అక్కడే ఆగుతుంది. నెలాఖరున కూర్చుని అన్ని రోజులూ ఒకేసారి నింపే బడుల్లోనే ఈ తంటా. బియ్యం అసలు తరుగు పడేది బస్తా దగ్గర. దించేటప్పుడే కాటా వేసి, గోనె బరువు తీసేసి, తక్కువైతే రసీదు మీదే రాయించుకోవాలి. కిలో తగ్గిందంటే పది మంది చిన్నపిల్లల పూట పోయినట్టే. సంతకం పెట్టాక ఎవరూ వినరు.

అపోహ: డబ్బు ముందే వస్తుంది, వండేవాళ్లకేం కష్టం?

వాస్తవం: చాలాచోట్ల ముందు వండాలి, తర్వాత బిల్లు. కేంద్రం వాయిదా రావాలి, రాష్ట్రం తన వాటా కలపాలి, పాత ఖర్చుకు లెక్క చూపాలి. ఏ మెట్టు దగ్గర ఆగినా కిరాణా కొట్టులో అప్పు పెరిగేది బడిలో వండిపెట్టే వంట ఏజెన్సీ ఆడవాళ్లకే.

అపోహ: సరుకో, వంటమనిషో లేకపోతే ఆ రోజు భోజనం ఎగిరిపోయినట్టే.

వాస్తవం: 2015 మధ్యాహ్న భోజన నియమాలు చదివినవాళ్లు తక్కువ. నిధులు అయిపోతే హెచ్ఎం బడిలో ఉన్న వేరే నిధుల నుంచి తాత్కాలికంగా వాడి, తర్వాత జమ చేసుకోవచ్చు. అయినా పెట్టలేకపోతే ఆ పూట ధాన్యం, వంట ఖర్చు కలిపి ఆహార భద్రతా భత్యంగా మరుసటి నెల 15లోపు పిల్లలకు ఇవ్వాలి. పెట్టింది పిల్లలే తినకపోతే మాత్రం ఇది వర్తించదు. వరుసగా మూడు పనిదినాలు, లేదా నెలలో ఐదు రోజులు ఆగితే బాధ్యులెవరో రాష్ట్రం తేల్చాలి. అందుకే వండని రోజున రిజిస్టర్‌లో గడి ఖాళీగా వదలకుండా తేదీ, కారణం రాసి సంతకం పెట్టాలి. ఆ నమోదు లేకపోతే భత్యం అడగడానికి ఆధారమే ఉండదు.