పువ్వును పొయ్యిలో పెట్టొద్దు

గులాబీ వాసనలో పెద్ద వాటా ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అనే పదార్థానిది. అది మరిగేది 219 డిగ్రీల సెల్సియస్ దగ్గర. కేక్ లోపలి భాగం ఎంత బాగా ఉడికినా 98 డిగ్రీలు దాటదు. ఈ లెక్కన పిండిలో కలిపిన పన్నీరు (గులాబీ నీళ్లు) వాసన ఎక్కడికీ పోకూడదు. కానీ పోతుంది. కేక్ ఓవెన్‌లో ఉన్న అరగంటా ఇల్లంతా గులాబీ తోటలా ఉంటుంది, తీరా ముక్క నోట్లో పెట్టుకుంటే గుడ్డు, మైదా తప్ప ఏమీ తెలియదు. ఇల్లంతా ఘుమఘుమలాడిందంటేనే కేక్‌లో ఉండాల్సింది బయటికొచ్చేసిందని అర్థం.

దొంగ ఎవరంటే నీటి ఆవిరి. ఆవిరి పోతూ పోతూ తనతోపాటు వాసన అణువుల్ని కూడా మోసుకుపోతుంది. వాటి మరిగే స్థానం దాకా వేడెక్కాల్సిన పనే లేదు. కనౌజ్‌లో అత్తరు తీసేది ఈ సూత్రంతోనే. రాగి డేగ్‌లో పూలు, నీళ్లు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. పూల వాసనను ఆవిరి వెదురు గొట్టం గుండా పక్కనున్న పాత్రలోకి మోస్తుంది. పన్నీరు కలిపిన కేక్ పిండి కూడా అలాంటి డేగే, కాకపోతే మూత లేనిది.

అందుకే ఎండాకాలం దావత్‌ల కోసం చేసే ఈ తేనె-పన్నీరు షీట్ కేక్‌లో (వెడల్పాటి ట్రేలో పలకలా కాల్చే కేక్) పనులు రెండుగా విడగొట్టాలి. తేనె ఓవెన్‌లోకి పోతుంది, పువ్వు ఓవెన్ బయటే ఆగుతుంది. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే వివరాలే.

ముందు పన్నీరు సంగతి. (పనీర్ కాదు, కిరాణా కొట్టులో ఒక్క ఒత్తు తేడాతో పాల ముక్కలు చేతికొస్తాయి.) పెళ్లిళ్లలో బుడ్డితో చల్లేది, మొహానికి రాసుకునేది తిండిలోకి పనికిరావు. వాటిలో కృత్రిమ సుగంధం, గ్లిజరిన్, నిల్వ మందులు ఉండొచ్చు. సీసా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు ఉండాలి, పదార్థాల జాబితాలో గులాబీలు, నీళ్లు తప్ప ఎక్కువ పేర్లు ఉండకూడదు. రోజ్ ఎసెన్స్ వేరే సరుకు. మూడు నాలుగు చుక్కలు దాటితే కేక్ కాస్తా సబ్బు బిళ్ల అవుతుంది.

ఇక తేనె. బరువులో సుమారు 17 నుంచి 20 శాతం నీళ్లు, 38 శాతం ఫ్రక్టోజ్, 31 శాతం గ్లూకోజ్. పీహెచ్ 4కు కాస్త అటూ ఇటూ, అంటే తియ్యదనం చాటున పులుపు దాగి ఉందన్నమాట. ఈ మూడు గుణాలే కేక్‌ను నడిపిస్తాయి.

చక్కెరకు బదులు తేనె వాడేవాళ్లు చేసే మొదటి తప్పు కప్పుకు కప్పు మార్చడం. కప్పు చక్కెర 200 గ్రాములు, కప్పు తేనె 340 గ్రాములు. అలా మార్చిన కేక్ నడుమ గుంట పడుతుంది, అడుగున జిగురు పొర దిగుతుంది. రెండో తప్పు చక్కెర కేక్‌కు పెట్టే 180 డిగ్రీల వేడే దీనికీ పెట్టడం. గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు గుడ్డులోని, మైదాలోని ప్రొటీన్లతో నేరుగా చర్య జరిపి గోధుమ రంగు తెస్తాయి. చక్కెర అయితే ముందు ఆ రెండుగా విరగాలి, అందుకే నెమ్మదిగా ఎర్రబడుతుంది. తేనె కేక్‌ను 180లో పెడితే 20 నిమిషాలకే పైన మాడు రంగు, లోపల పచ్చిపిండి. 160 సరైన వేడి.

వంటల వీడియోల్లో ‘రూమ్ టెంపరేచర్ బటర్’ అంటుంటారు. అది 20 డిగ్రీల గది. మే నెలలో హనుమకొండలో మధ్యాహ్నం వంటగది 38 తగ్గదు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. వెన్న, చక్కెర కలిపి గిలకొడితే గాలి బుడగలు నిలవాలంటే ఆ వెన్న మెత్తగా ఉండాలి గానీ జారకూడదు. నెయ్యిలా కారే వెన్నలో బుడగ నిలవదు. మన ఎండల్లో దాంతో కుస్తీ పట్టడం కంటే నూనె కేక్ చేసుకోవడమే తెలివైన పని. సన్‌ఫ్లవర్ నూనె బాగుంటుంది. పల్లినూనె వాసన పన్నీరును మింగేస్తుంది.

గుడ్లు, పెరుగు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టమనే సలహా కూడా ఇక్కడ తలకిందులే. 5 డిగ్రీల దగ్గరున్న గుడ్లు, పెరుగు, 38 దగ్గరున్న మైదా, నూనె, చక్కెర, తేనె కింద చెప్పిన కొలతల్లో కలిస్తే పిండి వేడి సుమారు 22 డిగ్రీల దగ్గర ఆగుతుంది. సరిగ్గా కావలసింది అదే. అన్నీ బయట పెట్టి 38 డిగ్రీల పిండి కలిపితే సోడా, బేకింగ్ పౌడర్ గిన్నెలోనే పొంగి, ట్రేలోకి పోసేసరికి సగం చల్లబడిపోతాయి.

ట్రే 23 × 33 సెంటీమీటర్లు, లోతు 5. కొనే ముందు ఓవెన్ లోపలి కొలత టేపుతో చూసుకోండి. చిన్న ఓటీజీల్లో (కరెంటు ఓవెన్లలో) ఇది పట్టదు. తిరిగే పళ్లెం ఉన్న కన్వెక్షన్ మైక్రోవేవ్ ఓవెన్‌లో పొడవాటి ట్రే గోడకు తగిలి ఆగిపోతుంది. అలాంటప్పుడు ఇదే పిండిని 20 సెంటీమీటర్ల చదరపు ట్రేలు రెండింటిలో సగం సగం పోసి, ఒకదాని తర్వాత ఒకటి కాకుండా రెండూ ఒకేసారి కాల్చే దారి చూడాలి. కుదరకపోతే రెండోసారికి పిండి కొత్తగా కలపాలి. స్టీలు ట్రే కంటే తెల్లటి అల్యూమినియం మేలు, వేడి సమంగా పారుతుంది. నల్లటి ట్రేలో తేనె అంచులు తొందరగా మాడతాయి. బటర్ పేపర్ రెండు వైపులా బయటికి వేలాడేలా పరిస్తే కేక్‌ను పేపరుతో సహా ఎత్తేయొచ్చు. పేపర్ లేకపోతే తేనె అడుగున అంటుకుని ముక్కలు ముక్కలుగా ఊడుతుంది.

కొలతలు తూకంలో: మైదా 300 గ్రాములు, బేకింగ్ పౌడర్ 6 గ్రాములు (చెంచాన్నర), వంట సోడా 2.5 గ్రాములు (అర చెంచా), ఉప్పు 4 గ్రాములు, గుడ్లు 3, చక్కెర 120 గ్రాములు, తేనె 200 గ్రాములు, నూనె 120 గ్రాములు, పెరుగు 200 గ్రాములు.

సోడా అర చెంచాయే ఎందుకంటే, 200 గ్రాముల తేనెలోని పులుపు సుమారు అర గ్రాము సోడాకే సరిపోతుంది. మిగతా రెండు గ్రాముల పని పెరుగుది. సోడా అంతకంటే ఎక్కువైతే దాన్ని విరగ్గొట్టే పులుపు లేక నాలుక మీద సబ్బు రుచి మిగులుతుంది, పైగా క్షారం వల్ల కేక్ ఇంకా తొందరగా నల్లబడుతుంది. ఎండాకాలం తోడేసిన పెరుగు చూస్తుండగానే పులుస్తుంది కాబట్టి తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టినదే వాడాలి.

మైదా, సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు రెండుసార్లు జల్లించి పక్కన పెట్టాలి. గుడ్లు ఒక్కోటి విడిగా చిన్న గిన్నెలో కొట్టి చూసి కలపాలి. ఎండలకు గుడ్ల ట్రేలో ఒకటి చెడిపోయి ఉండొచ్చు. గుడ్లు, చక్కెర, తేనె కలిపి బీటర్‌తో మూడు నిమిషాలు గిలకొడితే రంగు పాలిపోయి నురగ తేలుతుంది. ఇక్కడ ఒకసారి గరిటె గిన్నె అడుగు దాకా పోనిచ్చి గీకాలి. తేనె నీళ్ల కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. పైన అంతా కలిసినట్టే కనిపించినా అడుగున బంగారు రంగు పొర పడుకుని ఉంటుంది. దాన్ని వదిలేస్తే అది ట్రే అడుగుకే చేరి జిగురు పట్టీ అవుతుంది. తర్వాత నూనె సన్నటి ధారగా, దాని వెంట పెరుగు. చివర్లో మైదా మూడు విడతలుగా గరిటెతో మడిచినట్టు కలపాలి. పొడి పిండి కనిపించడం ఆగగానే చేయి ఆపేయాలి. ఇంకా కలిపితే గ్లూటెన్ (మైదాలోని సాగే ప్రొటీన్) సాగి, కోసినప్పుడు కేక్‌లో పొడవాటి సొరంగాలు కనిపిస్తాయి.

పిండి పోయకముందే ఓవెన్ 160 డిగ్రీలకు వేడెక్కి ఉండాలి. షీట్ కేక్‌కు అంచులు ముందు గట్టిపడి నడుమ గుట్టలా లేవడం మామూలు. అది వద్దంటే పాత నూలు గుడ్డను పట్టీలా మడిచి, నీళ్లలో ముంచి, పిండేసి, ట్రే చుట్టూ కట్టి పిన్ను పెట్టండి. రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఏ కారణంతోనో ట్రే గోడ చల్లగా ఉండేదీ అందుకే. తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. అంచులు ఆలస్యంగా గట్టిపడి కేక్ అంతా ఒకే ఎత్తులో లేస్తుంది.

30 నుంచి 35 నిమిషాలు పడుతుంది. మొదటి 20 నిమిషాలు తలుపు తెరవొద్దు. ఆ తర్వాత పైన రంగు ముదురుతుంటే ఫాయిల్ వదులుగా కప్పండి. నడుమ పుల్ల గుచ్చితే పొడి రవ్వలు అంటాలి, తడి పిండి అంటకూడదు. లోపల గుచ్చి చూసే ప్రోబ్ థర్మామీటర్ ఉంటే 96 దాటాక తీయొచ్చు. మధ్యలో కరెంటు పోతే తలుపు ముట్టుకోవద్దు. ఐదు పది నిమిషాలకు ఓవెన్‌లో నిలిచిన వేడి చాలు. తెరిచి చూశారా, కేక్ అక్కడే కూలబడుతుంది.

ఇప్పుడు పువ్వు వంతు. 60 మిల్లీలీటర్ల నీళ్లు మాత్రమే వేడి చేసి దించాలి. అందులో 60 గ్రాముల తేనె, చెంచా నిమ్మరసం కలపాలి. తేనెను పొయ్యి మీద కాచొద్దు. తేనె వాసన కూడా పువ్వుదే, అది కూడా ఆవిరితో పోయేదే. ఓవెన్‌లోకి పోయిన తేనె రంగూ మెత్తదనమూ ఇస్తే, ఆ పువ్వు వాసన ఇచ్చేది ఈ పాకంలోని తేనె. పాకం వేలు పెట్టగలిగినంత చల్లబడ్డాక 30 మిల్లీలీటర్ల పన్నీరు పోయాలి.

కేక్ ఓవెన్‌లోంచి తీసి 20 నిమిషాలు ఆగాలి. పొగలు కక్కే కేక్ మీద పోస్తే పన్నీరు మళ్లీ ఆవిరితోనే పోతుంది, పూర్తిగా చల్లారిన కేక్ పాకాన్ని అంత తొందరగా పీల్చుకోదు. చేయి పెడితే వెచ్చగా తగలాలి. సన్నటి పుల్లతో వేలెడు దూరానికో పోటు చొప్పున గుచ్చి, బ్రష్‌తో మూడు దఫాలుగా పూయాలి. ఉన్న 140 మిల్లీలీటర్లూ ఒకేసారి గుమ్మరిస్తే అడుగు బురదవుతుంది.

గులాబీ వద్దనుకుంటే మల్లె ఉంది. మల్లె విచ్చుకునేది, వాసన వదిలేది రాత్రే. సాయంత్రం కోసిన మొగ్గలను చక్కెరతో కలిపి స్టీలు డబ్బాలో మూత పెట్టి ఉంచి, తెల్లారి మొగ్గలు జల్లించి పారేస్తే చక్కెరకు వాసన పడుతుంది. చైనావాళ్లు మల్లె టీ చేసేదీ ఇంచుమించు ఇలాగే, ఇదే జాతి మల్లెతో. ఆ చక్కెర పొడి చేసి కేక్ మీద చల్లుకోవచ్చు. మందు కొట్టని ఇంటి చెట్టు పూలే కావాలి, దండల బజారువి కాదు. అలంకారానికి కూడా తినదగిన పూలే పెట్టాలి. గన్నేరు, పచ్చగన్నేరు ఎంత అందంగా ఉన్నా విషం. అవి కేక్ పక్క పళ్లెంలో కూడా ఉండకూడదు.

పైన బటర్‌క్రీమ్, విప్పింగ్ క్రీమ్ వద్దే వద్దు. మే నెల ఫంక్షన్ హాల్లో పదిహేను నిమిషాల్లో కారిపోతాయి. 32 డిగ్రీలు దాటిన చోట క్రీమ్ పూసిన కేక్ గంటకు మించి బయట ఉండటం ఆరోగ్యానికీ మంచిది కాదు. పొడి చక్కెర 150 గ్రాములు, తేనె 20 గ్రాములు, నాలుగు చెంచాల నిమ్మరసం కలిపిన పల్చటి పూత చాలు. పొడి ఎండల్లో ఇది గంటలో ఆరుతుంది. జూన్‌లో ముసురు పట్టాక ఆరదు, చేతికి అంటుతూనే ఉంటుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే తేనె గాలిలోంచి నీళ్లు లాక్కుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. అందుకే తేనె కేక్ ఎండదని ధీమాగా ఉండొద్దు. తేమ 25 శాతం కూడా లేని మే గాలిలో కోసిన ముఖాలు తొందరగానే పెళుసెక్కుతాయి. వడ్డించే ముందే 4 × 6 లెక్కన 24 ముక్కలు కోసి, మిగిలినవి వెంటనే డబ్బాలో మూసేయాలి. బయట ఒక రోజు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. మొదటి రోజు కంటే రెండో రోజు రుచి మేలు.

ఏడాది నిండని పసివాళ్లకు మాత్రం చిటికెడు కూడా పెట్టొద్దు. తేనెలో ఉండగల, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు 98 డిగ్రీల్లో చావవు. వాటికి ప్రెషర్ కింద 121 డిగ్రీలు కావాలి.

తేనె ఎంపిక రంగును బట్టి. లేత రంగుది పన్నీరుకు దారిస్తుంది. ములుగు, ఏటూరునాగారం అడవుల ముదురు తేనె ఘాటుగా ఉండి గులాబీని అణగదొక్కుతుంది. ఒక్కోసారి అందులో నీళ్లూ ఎక్కువే ఉంటాయి. సీసా వంచితే నీళ్లలా జారుతుంటే పెరుగు రెండు చెంచాలు తగ్గించండి. అడుగున గడ్డకట్టిన తేనెను కల్తీ అనుకోవద్దు, అది గ్లూకోజ్ పేరుకోవడమే. సీసాను గోరువెచ్చటి నీళ్లలో పెడితే కరుగుతుంది.

ఆ ముదురు తేనెకు జోడీ వేరే ఉంది. మన అడవుల్లో ఓవెన్‌లోకి పోయినా తట్టుకునే పువ్వు ఇప్పపువ్వు. ఉట్నూరు వైపు లడ్డూలు కట్టేది దీంతోనే. దీని వాసన పదార్థాల్లో ఒకటైన 2-ఎసిటైల్-1-పైరోలిన్ బాస్మతి అన్నంలోనూ, రొట్టె కాలినప్పుడు పైపెచ్చులోనూ ఉండేదే. పైగా ఇది వట్టి వాసన కాదు, చక్కెరతో నిండిన కండగల రేకు. ఎండు పూలు 60 గ్రాములు తీసుకుని, లోపలి కేసరాలు దులిపేసి, రెండుసార్లు కడిగి, గంట నానబెట్టి, నీళ్లు గట్టిగా పిండేసి ముద్దగా నూరి, గుడ్లూ తేనె గిలకొట్టిన దాంట్లో కలపాలి. చక్కెర 120 నుంచి 80 గ్రాములకు, పెరుగు 200 నుంచి 160కి తగ్గించాలి. పాకంలో తేనె, నిమ్మరసం ఉంచి పన్నీరు తీసేయాలి. ఇప్పకూ గులాబీకీ పొసగదు.