మూడు సెంట్ల వెనుక మేత పోరంబోకు

ఆంధ్రప్రదేశ్‌లో సొంతిల్లు లేని పల్లె కుటుంబానికి మూడు సెంట్లు, పట్టణంలో అయితే రెండు సెంట్లు ఇవ్వాలన్నది ఇప్పటి ప్రభుత్వ విధానం. 2025 ఆరంభంలో దీనికి విధివిధానాలు ఖరారయ్యాయి. ముందున్న ప్రభుత్వం పల్లెల్లో ఇచ్చింది సెంటున్నర. రెండు వందల కుటుంబాలకు స్థలం చూపాల్సిన ఊరిని తీసుకుంటే, మునుపు ప్లాట్లకే మూడెకరాలు సరిపోయేది, ఇప్పుడు ఆరు కావాలి. రోడ్లు, కాలువలు కలిపితే తొమ్మిదో పదో అవుతుంది. ఆ భూమి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న రాగానే మండల కార్యాలయంలో మొదట తెరిచేది ఒకే పుస్తకం, ఊరి భూముల రిజిస్టరు. ఊళ్లో ప్రభుత్వ భూమి ఏమైనా మిగిలి ఉందా అని వెతుకుతారు. యాభై ఏళ్లుగా ఇదే వరస.

ఆ పుస్తకంలో ప్రభుత్వ భూమిగా కనిపించేది ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే రైత్వారీ కాలానికి, అంటే సర్కారు నేరుగా రైతు నుంచే శిస్తు వసూలు చేసిన కాలానికి, వెళ్లాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో రెవెన్యూ సర్వే శాఖ ఏర్పడ్డాక ఊరూరా గొలుసు పట్టి పొలాలు కొలిచారు. శిస్తు కట్టే భూమికి సర్వే నంబరు, విస్తీర్ణం, తరం (నేల రకం) రాశారు. శిస్తు రాని దాన్నంతా పోరంబోకు పద్దులో వేశారు. ఏరు, చెరువు, శ్మశానం, బండ్ల దారి, మేతబీడు, పశువులు నిలిచే మందబయలు, పంట నూర్చుకునే కళ్లం, ఊరి తోపు అన్నీ ఆ పద్దులోకే వెళ్లాయి. జనం కాపురముండే జాగా గ్రామకంఠం. దానికి చుట్టుగీత మాత్రం గీశారు. లోపల ఎవరి ఇల్లు ఎంత, ఎవరి దొడ్డి ఎంత అన్నది రాయలేదు. శిస్తు రాని చోట సర్కారుకు ఆ వివరంతో పనేముంది? నిజాం రాష్ట్రంలో పేర్లు వేరు. గ్రామకంఠం అక్కడ ఆబాది, మేతబీడు గాయిరాన్ లేదా బంచరాయి, చెరువు గర్భం శిఖం. పద్దు రాసిన తీరు మాత్రం పెద్దగా తేడా లేదు.

కాబట్టి ఊరి పటంలో తెల్లగా మిగిలిన చోటల్లా ఖాళీ అనుకోవడం రికార్డు నేర్పిన అలవాటు. వాడకంలో అది ఎప్పుడూ ఖాళీ కాదు. సెంటు పొలం లేని కుటుంబం నాలుగు మేకలు పెంచుకోగలిగిందంటే మేతబీడు ఉండబట్టే. వంటచెరకు, ఇంటికప్పుకు గడ్డి, గోడకు మట్టి అన్నీ అక్కడివే. పొలం ఉన్నవాడికి తన గట్టు మీదైనా గడ్డి దొరుకుతుంది. లేనివాడికి పోరంబోకే పొలం.

గ్రామకంఠం గీత విషయంలో మరో చిక్కు ఉంది. ఊరు పెరిగింది కానీ గీత జరగలేదు. అన్నదమ్ములు వేరుపడి, దొడ్లు ఇళ్లయి, దొడ్లు చాలక ఊరి పక్క మెట్ట పొలంలో ఇళ్లు లేచాయి. రికార్డులో మాత్రం అది ఇప్పటికీ సాగుభూమే. 2015లో రాజధాని అమరావతి కోసం రైతుల నుంచి భూసమీకరణ మొదలైనప్పుడు ఈ తేడా బట్టబయలైంది. గ్రామకంఠాలను సమీకరణ నుంచి మినహాయించారు. అయితే ఏది గ్రామకంఠం? పాత సర్వే గీత లోపలిదా, ఇవాళ ఇళ్లున్నంత మేరా? రాజధాని గ్రామాల్లో ఈ వివాదం ఏళ్ల తరబడి నలిగింది. ఇంకోవైపు, గ్రామకంఠం భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద అమ్మకాలు రిజిస్టరు చేయకూడని భూముల నిషేధిత జాబితాలో చేరిన చోట్ల తాతల నాటి ఇల్లు అమ్ముకోవడానికే కుదరలేదు. 2020 ఏప్రిల్‌లో కేంద్రం స్వామిత్వ పథకం తెచ్చి డ్రోన్లతో ఆబాదీలను కొలవడం మొదలుపెట్టింది. నూట అరవై ఏళ్ల కిందట వదిలేసిన కొలత అది.

ఇక ఇళ్ల స్థలాలు. ప్రభుత్వ భూమి పంపకానికి మద్రాసు రెవెన్యూ బోర్డు కాలం నాటి స్టాండింగ్ ఆర్డర్లే ఆధారం. వాటిలో 15వది భూమి అసైన్‌మెంటుకు (ప్రభుత్వ భూమిని పట్టాగా ఇవ్వడానికి), 21వది ఊళ్లో ఇంటి జాగాకు సంబంధించినవి. చెరువు గర్భం, మేతబీడు, శ్మశానం వంటి వాటిని ఉన్న పళంగా ఎవరికీ పట్టా ఇవ్వకూడదని ఆ ఆర్డర్లే చెబుతాయి. మరి ఇచ్చారెలా? దారి రిజిస్టరులోనే ఉంది. మేత పోరంబోకును ముందుగా ఏడబ్ల్యూడీ కింద, అంటే శిస్తుకు లాయకైన బంజరు మెట్ట కింద, వర్గీకరణ మారుస్తారు. పంచాయతీ తీర్మానం, తహసీల్దారు నివేదిక, కలెక్టరు ఉత్తర్వు. ఫైలు తిరిగి వచ్చేసరికి మేతబీడు మాయమై పంచడానికి వీలైన బంజరు తయారవుతుంది. నేల మీద గడ్డిపోచ కదలదు.

భూమిలేని గ్రామీణ కూలీలకు ఇళ్ల స్థలాల పథకాన్ని కేంద్రం 1971లో తెచ్చింది. 1975 నాటి ఇరవై సూత్రాల కార్యక్రమం దానికి ఊపునిచ్చింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1980ల్లో బలహీనవర్గాల పక్కా ఇళ్లు, 1985లో ఇందిరా ఆవాస్ యోజన, 2006లో ఇందిరమ్మ ఇళ్లు. ఒక్కో పథకం ఊరి అంచున ఒక్కో కాలనీని వదిలి వెళ్లింది. ఊరి పొలిమేరలో బోర్డుల మీద ఉన్న పేర్లు వరసగా చదివితే రాష్ట్ర రాజకీయ చరిత్ర తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మేతబీళ్లు పోయాయని బాధపడేవారు తరచుగా వేలెత్తి చూపేది పేదల కాలనీల వైపే. అది అన్యాయం. తరతరాలుగా దళితవాడకు చోటు ఊరి బయటే, అదీ చాలాచోట్ల పల్లంలో. ఇరుకు గుడిసెలో మూడు కుటుంబాలు కాపురం చేసినచోట ఇంటి స్థలం అడగడం ఆక్రమణ కాదు. ఊరి నడుమ పట్టా భూమి కొని ఇవ్వవచ్చు, 1894 భూసేకరణ చట్టం ఆ అధికారం ఇచ్చింది, కొన్నిచోట్ల ఇచ్చారు కూడా. కానీ పట్టా భూమికి డబ్బు కట్టాలి, ఆసామి కోర్టుకెక్కుతాడు, పైగా ఊరి పెద్దల ఇళ్ల పక్కన కాలనీ రావడం ఊరి పెద్దలకు ఇష్టం ఉండదు. మేతబీడుకు ఆసామి లేడు, వకీలు లేడు. అందుకే భూమిలేని కూలీకి ఇల్లు కట్టడానికి భూమిలేని కూలీ మేకలు మేసే నేలనే తీశారు.

చట్టం ఆ నేలకు ఒక యజమానిని చూపకపోలేదు. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం మేతబీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, మందబయళ్లు, బండ్ల దారులు, తోపులు గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. వినడానికి ఎంతో బాగుంది. అదే సెక్షన్‌లో రెండో ఉపనిబంధన చూడండి: ఏదైనా ప్రజా ప్రయోజనానికి కావాలంటే ప్రభుత్వం గెజిట్ ప్రకటనతో వాటిని వెనక్కి తీసుకోవచ్చు. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కునే ఏర్పాటు. పంచాయతీ సొంత డబ్బుతో ఒక తోపును కంచె వేసి పెంచుకున్నా, పై నుంచి లక్ష్యం వచ్చిన రోజున కాదనే అధికారం దానికి లేదు.

ఆ జాబితాలోని కళ్లానికి ఏమైందో చూస్తే ఖాళీ జాగా ఎలా కరుగుతుందో తెలుస్తుంది. కోత యంత్రాలు వచ్చాక కుప్పనూర్పిళ్లు తగ్గాయి, కళ్లాలకు పని పోయినట్టు కనిపించింది. ఊరుమ్మడి కళ్లంలో ఒక మూల పాల కేంద్రం, ఒక మూల అంగన్‌వాడీ, మిగిలినచోట పశువుల పాకలు, ఆ తర్వాత ఇళ్లు. తీరా చూస్తే యంత్రం కోసిన ధాన్యంలో పచ్చి ఎక్కువ, తేమ తగ్గకపోతే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆరబోయడానికి రైతుకు మిగిలింది తారు రోడ్డు. యాసంగి కోతల సమయంలో ఏ మండల రహదారి మీద వెళ్లినా సగం రోడ్డు పొడవునా వడ్లో మొక్కజొన్నో కనిపిస్తాయి, అంచున పెద్ద పెద్ద రాళ్లు, రాత్రికి నల్ల కవరు. ఆ రాళ్లు కానరాక బళ్ల మీద వచ్చేవారు పడి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ప్రతి ఏడూ వస్తాయి. చివరికి తెలంగాణ ప్రభుత్వం ఉపాధి హామీ నిధులతో రైతుల సొంత పొలాల్లో సిమెంటు కళ్లాలు కట్టించింది. ఆ పని పథకం నిబంధనలకు విరుద్ధమంటూ 2022లో కేంద్రం 151 కోట్ల రూపాయలు తిరిగి కట్టమంది, రాజకీయంగా పెద్ద రభస అయింది. ఉమ్మడి కళ్లం ఏమైందని ఆ రభసలో ఎవరూ అడగలేదు.

2011 జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. పంజాబ్‌లోని పటియాలా జిల్లాలో ఒక ఊరి చెరువును కొందరు పూడ్చి ఇళ్లు కట్టుకున్న కేసు అది. గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించే పథకాలు రూపొందించమని ధర్మాసనం అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అదే ఏడు ఉమ్మడి రాష్ట్రంలో పంచాయతీ ఆస్తుల పరిరక్షణకు నిబంధనలూ వచ్చాయి. ఇళ్ల పట్టాల కోసం మేతబీళ్లు తీసుకోవడాన్ని సవాలు చేసే పిటిషన్లలో ఈ తీర్పు ఇప్పటికీ ప్రధాన ఆయుధం.

2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గరి కొమరగిరిలో మొదలైన పట్టాల పంపిణీ లెక్కలో అన్నిటికంటే పెద్దది. ప్రభుత్వం చెప్పిన అంకెలు: 30 లక్షలకు పైగా స్థలాలు, 68,361 ఎకరాలు, 17 వేలకు పైగా కాలనీలు. భాగించి చూస్తే సగటున ఎకరానికి 45 ప్లాట్లు. ఇంటి వెనుక కోడిగూడుకో మునగ చెట్టుకో చోటు ఉంటే పల్లె ఇల్లు అనిపించుకుంటుంది. సెంటున్నర అంటే 72 గజాల పైచిలుకు, అందులో ఆ చోటు దొరకడం కష్టం. స్థలాల కొలత చాలదంటూ 2021 అక్టోబరులో హైకోర్టు సింగిల్ జడ్జి నిర్మాణాలకు అడ్డు చెప్పగా, తర్వాత ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసింది. ఈసారి డబ్బు పెట్టి కొన్న భూములూ ఉన్నాయి, అయితే ఎలాంటివి కొన్నారన్నది వేరే గొడవ. రాజమహేంద్రవరం దగ్గర బూరుగుపూడి ఆవ భూములు వానకు మునిగే పల్లమని హైకోర్టు దాకా వెళ్లాయి. 2013 భూసేకరణ చట్టం వచ్చాక మార్కెట్ విలువను గుణకంతో పెంచి, ఆ మీద నూరు శాతం సొలేషియం (ఊరట సొమ్ము) కలపాల్సి వస్తోంది కాబట్టి, చవగ్గా దొరికేది పల్లమో పోరంబోకో అవుతుంది.

ప్రైవేటు లేఅవుట్ల కథ ఇంకా విచిత్రం. పంచాయతీ పరిధిలో లేఅవుట్ వేస్తే 10 శాతం స్థలం ఖాళీగా వదిలి పంచాయతీకి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలని నిబంధన. ఉమ్మడి రాష్ట్రంలో 2002 నాటి లేఅవుట్ నియమాలు దీన్ని గట్టిగానే చెప్పాయి. ఆచరణలో ఆ 10 శాతం ఎక్కడ వదులుతారు? వాగు ఒడ్డున, హైటెన్షన్ తీగల కింద, త్రికోణంగా మిగిలి ప్లాటుకు పనికిరాని మూలలో. బ్రోచరులో దానికి ఆకుపచ్చ రంగు వేసి పార్కు అని రాస్తారు. డీడ్ రాయకపోతే కొన్నేళ్లకు అదీ ప్లాట్లయిపోతుంది. అసలు అనుమతే లేని వెంచర్లకు ఆ త్రికోణం కూడా ఉండదు.

అనుమతి లేని వాటిని క్రమబద్ధీకరించడానికి 2007 డిసెంబరు 31న మొదటి ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) నియమాలు వచ్చాయి, తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ మళ్లీ మళ్లీ వచ్చాయి. తెలంగాణలో 2020 పథకానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు చేరాయి. ఆ పథకంలో ఒక నిబంధన ఉంది: లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం లేకపోతే, ప్లాటు కొన్నవారు రిజిస్ట్రేషన్ నాటి విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. స్థలం మింగినవాడు వెంచర్ అమ్మేసి వెళ్లిపోయాడు. చీటీలు కట్టి వంద గజాలు కొనుక్కున్న చిరుద్యోగి ఆ లోటు పూడ్చాలి. పోనీ పూడుతుందా అంటే, చుట్టూ ఇళ్లు లేచిన చోట డబ్బు పెట్టినా మైదానం దొరకదు. పిల్లలు రోడ్డు మీదే ఆడుకుంటారు.

ఖాళీని కాపాడటానికి ప్రభుత్వం గట్టిగా పూనుకున్న సందర్భం ఒకటి లేకపోలేదు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్ కోసం కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహకాన్ని రక్షించడానికి 1996 మార్చి 8న జీవో 111 ఇచ్చారు. మొయినాబాద్, శంషాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి తదితర మండలాల్లో 84 గ్రామాలు, దాదాపు 1.32 లక్షల ఎకరాలు. ఏ లేఅవుట్ వేసినా 60 శాతం ఖాళీ జాగాకు, రోడ్లకు వదలాలంది. భూమిలో 90 శాతం వ్యవసాయంతో సహా పరిరక్షణ కిందే ఉండాలంది. గ్రామకంఠంలో ఇళ్లు కట్టుకోవచ్చంది.

పాతికేళ్లు ఆ ఊళ్లు నగరం పక్కన పచ్చగా మిగిలాయి. అదే పాతికేళ్లలో గీతకు అవతలి రైతు ఎకరం కోట్లకు అమ్ముకుంటే, ఇవతలి రైతు కూతురి పెళ్లికి అమ్ముదామన్నా గట్టి బేరం రాలేదు. జంట జలాశయాల నీళ్లు తాగింది నగరం, వరద తాకిడి తగ్గి బతికిందీ నగరమే. ఆ భూమిని బయలుగా ఉంచినందుకు 84 గ్రామాల రైతులకు ఏటా ఇంత అని ఎవరూ లెక్కకట్టి ఇవ్వలేదు. ఈలోగా డబ్బున్నవారు చవగ్గా కొని ప్రహరీలు కట్టి ఫామ్‌హౌసులు లేపారు, నిబంధన వారిని పెద్దగా అడ్డుకోలేకపోయింది. కాబట్టి ఆంక్షలు ఎత్తేయమని గ్రామాలే కోరడంలో వింత లేదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆంక్షలను సడలించింది, 2023 మేలో మంత్రివర్గం పూర్తి రద్దుకు నిర్ణయం ప్రకటించింది. పర్యావరణవాదులు కోర్టుల్లో పోరాడుతున్నారు. వారి పిటిషన్లలో జలాశయాల గురించి ఎన్నో పేజీలు ఉన్నాయి. రైతుకు రావాల్సిన పరిహారం గురించి అటు ప్రభుత్వమూ గట్టిగా మాట్లాడలేదు, ఇటు జీవో నిలబడాలనేవారూ మాట్లాడలేదు.