సగంలో ఆగిన అల్లికకు ఫోనులో ఓ పేజీ

పిల్లలూ,

అందరూ అల్లిక పట్టారని విన్నాను. ఒక్కొక్కరి సంచిలో మూడేసి నాలుగేసి సగం పనులు ఉన్నాయని కూడా విన్నాను. అందుకేం సిగ్గుపడకండి, నా సంచీ అంతే. కాకపోతే నాకు అప్పట్లో అట్టముక్క మీద గీసుకున్న గీతలే దిక్కు. మీకు ఫోనుంది, అందులో అల్లిక లెక్కలు రాసుకునే యాప్‌లున్నాయి.

ఒకసారి స్వెట్టరుకు ఎడమ చెయ్యి అల్లి పక్కన పెట్టాను. ఇరవై రోజులకు కుడి చెయ్యి మొదలుపెడితే, ఏ వరసలో కుట్లు పెంచానో గుర్తు లేదు. అల్లినదాన్ని చూసి లెక్కపెడదామంటే నల్ల ఊలు, రాత్రిపూట దీపం కింద కుట్లు కనబడి చస్తేగా! అంచనాగా అల్లేశాను. చివరికి పక్కపక్కన పరిస్తే ఒక చెయ్యి 6 వరసలు పొడుగు. మొత్తం విప్పాను.

యాప్‌లో ఒక్కో పనికి ఒక్కో పేజీ తెరవండి. అందులో అన్నిటికంటే పనికొచ్చేది, నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే వరసల లెక్క. వరస మొదలుపెట్టేటప్పుడు నొక్కుతారా, పూర్తయ్యాక నొక్కుతారా అన్నది ముందే తేల్చుకోండి. ఓసారి అలా, ఓసారి ఇలా నొక్కితే ఆ అంకెను నమ్మలేం. నేను పూర్తయ్యాకే నొక్కుతాను. 8 వరసలకోసారి తిరిగొచ్చే డిజైనైతే రెండు లెక్కలు పెట్టుకోండి: మొత్తం వరసలకు ఒకటి, 8 కాగానే మళ్లీ 1కి వచ్చేది ఇంకొకటి. 43వ వరస అల్లారంటే డిజైనులో 3వది అయిందన్నమాట. వేళ్లు మడిచి లెక్కపెట్టే బాధ తప్పుతుంది.

సూది సైజు మిల్లీమీటర్లలోనే రాయండి. ‘8 నంబరు’ అని రాస్తే పాత బ్రిటిష్ లెక్కలో 4 మి.మీ., అమెరికా లెక్కలో 5 మి.మీ. క్రోషేలో, అంటే కొక్కెం సూదితో అల్లే పనిలో, తికమక ఇంకా ఎక్కువ: అమెరికావాళ్ల సింగిల్ క్రోషే కుట్టునే బ్రిటిష్‌వాళ్లు డబుల్ క్రోషే అంటారు. నమూనా, అంటే ఎలా అల్లాలో రాసిన కాగితం, ఎవరి పద్ధతిలో ఉందో కూడా పేజీలో ఒక ముక్క రాసుకోండి.

ఊలు ఉండకు చుట్టిన కాగితాన్ని పారేసే ముందు ఫోటో తీయండి. దాని మీద డై లాట్ నంబరు ఉంటుంది. ఒకే విడతలో రంగు వేసిన ఊలుకంతా ఒకే నంబరు. నేనది చూడకుండా చివర్లో ఇంకో ఉండ కొని కలిపేస్తే, పగటి వెలుగులో వీపు మీద అడ్డంగా చార తేలింది. మిగిలిన ఊలును తూచి రాసిపెడితే ఇంకో లాభం. 50 గ్రాముల ఉండలో 125 మీటర్లుంటే, 18 గ్రాములు మిగిలినప్పుడు చేతిలో 45 మీటర్లున్నట్టు. టోపీ అంచుకు చాలుతుందో లేదో ముందే తెలుస్తుంది.

యాప్ చేయలేని పని ఒకటుంది. నమూనాలో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు అన్నారనుకోండి, 90 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 198 కుట్లు వేస్తారు. మీ అల్లిక వదులుగా ఉండి 10 సెంటీమీటర్లకు 20 కుట్లే పడితే, ఆ 198 కుట్లే 99 సెంటీమీటర్లు అవుతాయి. లెక్క తప్పలేదు, స్వెట్టరు మాత్రం వేలాడుతుంది. అందుకని ముందు చిన్న ముక్క అల్లి, ఉతికి ఆరేసి, కొలిచి, ఆ కొలత పేజీలో రాయండి. విసుగే, నాకూ విసుగే.

ఏ యాప్ మంచిదని నన్నడగొద్దు. 2007లో మొదలైన రావెల్రీ అనే అల్లికల వెబ్‌సైటులో పనులకు, ఊలు నిల్వకు, సూదులకు వేరువేరు చోట్లున్నాయి. మీరు తీసుకున్నదాంట్లోనూ ఆ మూడూ ఉంటే చాలు. ఫోను పోతే రాసుకున్నది దానితోపాటే పోకుండా ఇంకోచోట నకలు ఉంచుకోండి.

ఇవాళ సంచి అడుగున ఉన్నదాన్ని బయటికి తీయండి. సూది దానికే ఉందా, ఇంకో పనికి లాగేశారా చూడండి. లాగేసి ఉంటే అది ఎన్ని మిల్లీమీటర్లదో మరిచిపోకముందే రాసేయండి. నా శాలువా 43 దగ్గర ఆగింది, నొక్కాకే ఈ ఉత్తరానికి కూర్చున్నాను.

మీ అమ్మమ్మ