తుంటి ఒప్పుకున్నంతే స్వింగ్

మా బావగారు రిటైరయ్యాక విశాఖలో కొడుకు దగ్గర ఉంటున్నారు. అరవై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టారు. పోయిన సంక్రాంతికి బరంపురం వచ్చినప్పుడు రైలు దిగి, ప్లాట్‌ఫారం మీద నడుం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఇంటికొచ్చాక సంగతి అడిగితే ఫోన్ తీసి పేరున్న గోల్ఫ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ స్వింగ్‌ని, అంటే బంతిని కొట్టే ఊపుని, స్లో మోషన్‌లో చూపించారు.

"ఆర్నెల్లుగా ఇదే సాధన చేస్తున్నానయ్యా. అంతా వచ్చింది. ఆ చివరి మెలిక దగ్గరే పట్టేస్తోంది" అన్నారు.

"బావగారూ, ముందు ఆ కుర్చీలో కూర్చోండి. మీ తుంటి చూస్తాను" అన్నాను.

నేను ఫిజియోథెరపిస్టుని. మా ఊళ్ళో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో బరువులెత్తే కుర్రాళ్ళు, పట్టుమగ్గం మీద కూర్చునేవాళ్ళు ఎక్కువ. బరంపురానికి బరువులెత్తడమంటే ప్రాణం. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కె. రవికుమార్ ఈ ఊరివాడే. వ్యాయామశాలలో పదిమంది కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి గుంజీ తీయమంటే ఒకడి పాదాలు నిటారుగా ఉంటాయి, ఇంకొకడివి బయటికి తిరిగిపోతాయి. రెండోవాణ్ణి తిట్టి పాదాలు నిటారుగా పెట్టిస్తే నెల తిరక్కుండా మోకాలి నొప్పితో నా దగ్గరికొస్తాడు. వాడి తొడ ఎముక అమరికే అలాంటిది. పెద్దవాళ్ళలో తొడ ఎముక మెడభాగం సగటున 15 డిగ్రీలు ముందుకు తిరిగి ఉంటుంది. కొందరికి అంతకంటే బాగా ఎక్కువ, కొందరికి చాలా తక్కువ. ఇది సాధనతో మారేది కాదు.

గోల్ఫ్‌కీ దీనికీ సంబంధం ఏమిటో తెలియాలంటే చెరువు గట్టున బట్టలు ఉతికే మనిషిని గమనించండి. తడిచీరని భుజం మీదుగా తిప్పి బండకేసి కొడతాడు. చెయ్యి కదిలే వేగం కంటే చీర కొస వేగం ఎన్నో రెట్లు ఎక్కువ. చెయ్యి కిందికి వచ్చి కాస్త నెమ్మదించే క్షణంలో ఆ ఊపు చీరలోకి వెళుతుంది, కొస విసురుగా ముందుకొచ్చి బండని తాకుతుంది. గోల్ఫ్ స్వింగ్ అచ్చం ఇలాగే పనిచేస్తుంది. ముందు కటిభాగం తిరుగుతుంది, తర్వాత ఛాతీ, ఆ తర్వాత చేతులు, ఆఖరికి క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర. ఒక్కొక్కటీ తన ఊపుని తర్వాతి దానికి అందించి నెమ్మదిస్తుంది. పైనుంచి బంతి దాకా రావడానికి సెకనులో పావు వంతుకు కాస్త అటూ ఇటూ పడుతుంది. 46 గ్రాములు కూడా లేని బంతిని క్లబ్ తాకి ఉండేది సెకనులో రెండువేలో వంతు మాత్రమే. ఆ కాస్త సమయం కోసం ఒళ్ళంతా మెలి తిరగాలి.

ఆ మెలిక ఎక్కడ తిరుగుతోందన్నదే అసలు విషయం.

క్లబ్‌ని వెనక్కి ఎత్తినప్పుడు మంచి ఆటగాడి భుజాలు సుమారు 90 డిగ్రీలు తిరుగుతాయి, కటిభాగం 45 డిగ్రీలు. ఈ రెంటికీ మధ్య తేడాని 1992లో జిమ్ మెక్లీన్ అనే అమెరికన్ కోచ్ 'ఎక్స్ ఫ్యాక్టర్' అన్నాడు. తేడా పెరిగితే బంతి దూరం వెళుతుందని ప్రపంచమంతా దాని వెంట పడింది. కటిని బిగబట్టి, పై ఒంటిని మాత్రం మెలిపెట్టే పద్ధతి అలా బాగా వ్యాపించింది. కానీ ఆ తేడా అంతా వెన్నులోనే తిరగాలి కదా. నడుములో ఉన్న ఐదు పూసల కీళ్ళు వంగడానికి, నిటారవడానికి అనువుగా ఉంటాయి. మెలి తిరగమంటే ఒక్కో పూస ఒకటి రెండు డిగ్రీలకు మించి కదలదు. ఐదూ కలిపినా ఒక పక్కకి పది డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. మెలిక నిజంగా తిరగాల్సింది పక్కటెముకలు అతుక్కుని ఉండే 12 పూసల దగ్గర, ఆ కింద తుంటి కీళ్ళ దగ్గర. ఆ రెండు చోట్లా బిగుసుకుపోతే భారం మధ్యలో ఉన్న నడుం మీద పడుతుంది. స్వింగ్ జరిగేటప్పుడు నడుం పూసల మీద పడే ఒత్తిడి శరీర బరువుకు ఎనిమిది రెట్ల దాకా ఉంటుందని కొలిచారు. గోల్ఫ్ ఆడేవాళ్ళలో నడుం నొప్పి అంత మామూలు కావడానికి కారణం వేరే వెతకక్కర్లేదు.

బావగారిని కుర్చీలో కూర్చోబెట్టి నేను చేసిన పరీక్ష మీరూ చేసుకోవచ్చు. మోకాళ్ళు దగ్గరగా పెట్టండి. మోకాలు కదలకుండా ఎడమ పాదాన్ని ఎడమవైపు బయటికి జరపండి. అప్పుడు తుంటి కీలులో తొడ ఎముక లోపలికి తిరుగుతుంది. గడియారంలో ఆరు దగ్గరున్న గంటల ముల్లు ఒక గంటో, గంటన్నరో జరిగినంత కదిలితే బాగున్నట్టు. బావగారి కుడికాలు అలాగే కదిలింది. ఎడమకాలు అరగంట కూడా జరగలేదు. కుడిచేతి వాటం వాళ్ళు బంతిని కొట్టాక కటి మొత్తం తిరిగేది ఆ ఎడమ తుంటి మీదే. అది ఆగిపోయిన చోటు నుంచి మిగిలిన తిరుగుడంతా ఆయన నడుం మోసింది, ఆర్నెల్లపాటు.

రెండో పరీక్ష ఇంకా సులువు. కుర్చీలో గూనిగా కూర్చుని చేతులు ఛాతీ మీద పెట్టుకుని పక్కకి తిరగండి. ఎంత తిరిగారో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు వెన్ను నిటారు చేసి మళ్ళీ తిరగండి. తేడా మీకే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి మగ్గం మీదికి వంగి కూర్చున్నవాళ్ళకీ, కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకీ ఆ మొదటి తిరుగుడే మిగిలిపోతుంది. అందుకే నిలబడేటప్పుడు వీపు వంచకుండా తుంటి దగ్గర వంగమని చెబుతారు.

మరి ఈ పరీక్షల్లో తక్కువ పడ్డవాళ్ళు ఆట మానేయాలా? అక్కర్లేదు. ఎడమ తుంటి తిరగనివాళ్ళు నిలబడేటప్పుడే ఎడమ పాదాన్ని 20, 30 డిగ్రీలు బయటికి తిప్పి పెట్టుకుంటే ఆ తుంటికి ముందుగానే కాస్త చోటు దొరుకుతుంది. కుడి తుంటి బిగువైతే కుడి పాదాన్ని తిప్పుకోవాలి, అప్పుడు వెనక్కి ఎత్తడం సులువవుతుంది. వీపు తిరగనివాళ్ళు కటిని బిగబట్టకుండా భుజాలతో పాటు తిరగనివ్వాలి, ఎడమ మడమ నేల నుంచి లేస్తే లేవనివ్వాలి. పాత తరం ఆటగాళ్ళు అలాగే ఆడేవారు. జాక్ నిక్లాస్ మడమ ఎత్తే 18 మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లు, గెలిచాడు. క్లబ్‌ని పూర్తిగా వెనక్కి ఎత్తకుండా ముప్పావు వంతుకే ఆపినా వేగం మనం భయపడినంతగా తగ్గదు.

ఒంటి కొలతల సంగతి కూడా ఉంది. పొడుగువాళ్ళు బంతికి దగ్గరగా నిలబడి ఎక్కువ వంగుతారు, కాబట్టి వాళ్ళ స్వింగ్ నిలువుగా వస్తుంది. పొట్టివాళ్ళు కాస్త దూరంగా నిలబడతారు, వాళ్ళది అడ్డంగా, భుజం చుట్టూ తిరుగుతుంది. ఛాతీ మందంగా ఉన్నవాళ్ళకి ఎడమచెయ్యి ఛాతీ మీదుగా ఎక్కువ దూరం రాదు. వాళ్ళు బలవంతంగా చేతిని లాగితే భుజం దెబ్బతింటుంది. కాళ్ళు వెడల్పు పెట్టుకుని, కుడి పాదాన్ని కాస్త వెనక్కి జరుపుకుని, చిన్న స్వింగ్‌తో బలాన్ని వాడుకోవడం వాళ్ళకి మేలు. ఇలా శరీరాల్ని మూడు రకాలుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో స్వింగ్ చెప్పే కోచ్‌లు ఉన్నారు. దారి చూపడానికి అది పనికొస్తుంది గానీ, నేను మాత్రం కీళ్ళు చూడకుండా ఎవరినీ ఏ రకంలోనూ వేయను. సన్నగా పొడుగ్గా ఉండి తుంటి బొత్తిగా కదలని కుర్రాళ్ళు నా దగ్గరికి ఎంతమంది వచ్చారో.

'ఎడమచెయ్యి వంగకూడదు' అనేది గోల్ఫ్‌లో అందరూ చెప్పే సూత్రం. కాల్విన్ పీట్ అనే అమెరికన్‌కి చిన్నప్పుడే ఎడమ మోచెయ్యి విరిగింది. ఆ చెయ్యి ఇక పూర్తిగా చాపలేకపోయాడు. ఆట మొదలుపెట్టిందే ఇరవై దాటాక. ఆ వంగిన చేతితోనే అమెరికాలో ప్రొఫెషనల్ ఆటగాళ్ళు ఆడే పీజీఏ టూర్‌లో 12 టోర్నమెంట్లు గెలిచాడు. 1981 నుంచి 1990 దాకా వరసగా పదేళ్ళు టూర్ మొత్తంలో బంతిని అందరికంటే తిన్నగా కొట్టింది ఆయనే. బావగారికి ఈ కథ చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "అయితే దూరం మాటేమిటి?" అని అడిగారు. దానికి జవాబు మన అదితి అశోక్ ఇచ్చింది. టోక్యో ఒలింపిక్స్‌లో తనకంటే ఎంతో దూరం కొట్టేవాళ్ళ మధ్య ఆడి, పటింగ్ బలంతో, అంటే బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించే నేర్పుతో, నాలుగో స్థానంలో నిలిచింది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. నొప్పి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, పాదంలో పట్టు తగ్గినా స్వింగ్ మార్చి చూద్దామని అనుకోవద్దు, ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. బావగారికి అలాంటివేమీ లేవు.

ఆయన మా ఇంట్లో మూడు వారాలు ఉన్నారు. ఇంకో సంగతి అప్పుడు బయటపడింది. ఆయన క్లబ్‌లు తనకంటే బాగా పొడుగైన స్నేహితుడు వాడి ఇచ్చినవట. నిటారుగా నిలబడ్డప్పుడు మణికట్టు నుంచి నేల దాకా ఉండే దూరం, మనిషి పొడవు, ఈ రెండూ చూసి క్లబ్ పొడవు నిర్ణయిస్తారు. టేపుతో కొలిచి రాసిచ్చాను. రోజూ పొద్దున్నే వాకిట్లో సుద్దముక్కతో గీత గీసి, ఎడమ పాదాన్ని ఆ గీత మీద పెట్టి, చేతిలో క్లబ్ లేకుండా ఇరవైసార్లు తిరిగేవారు. ముందు నెమ్మదిగా, మడమ లేపుతూ.

ఉగాదికి అక్కయ్య ఫోన్ చేసింది. బంతి ఇదివరకటి కంటే కాస్త దగ్గరే పడుతోందట. తొమ్మిది హోల్స్, అంటే సగం ఆట, ఆడి వచ్చాక మాత్రం సోఫా మీద వాలిపోకుండా నేరుగా స్నానానికి వెళుతున్నారట.