బంతికి ఏదో తగిలింది, మళ్లీ కొట్టవచ్చా?

గోల్ఫ్ పోటీల రోజుల్లో నాకు ఈ ఫోను తప్పదు. "మాస్టారూ, మావాడి బంతి ఎవరి బ్యాగుకో తగిలి పక్కకు పోయిందండీ. వాడి తప్పేమీ లేదు కదా, మళ్లీ కొట్టుకోవచ్చు కదా?" కొట్టకూడదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అయినా ఎవరో ఒకరు కొట్టేస్తారు, తర్వాత నాకు ఫోను చేస్తారు.

అమలాపురం దగ్గర ఒక కొబ్బరి తోటలో మూడు గ్రీన్‌లు (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) వేసుకుని పిల్లలకు గోల్ఫ్ నేర్పుతున్నాను. పోటీలకు విశాఖో, హైదరాబాదో వెళ్లాల్సిందే. అంత దూరం వెళ్లి, బాగా ఆడి, కేవలం ఈ ఒక్క అపోహ వల్ల పెనాల్టీ స్ట్రోకులు (లెక్కలో కలిపే అదనపు దెబ్బలు) మీదేసుకునే పిల్లలను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: బంతికి ఏదైనా అడ్డుపడితే ఆ షాట్ చెల్లదు.

చెల్లుతుంది. కదులుతున్న బంతి అనుకోకుండా మనిషికి తగిలినా, కుక్కకు తగిలినా, ట్రాలీకి తగిలినా పెనాల్టీ లేదు. ఆగిన చోటి నుంచే ఆడాలి. నీళ్లలోకి పోతే నీళ్లలో పడినట్టే. చెట్టుకు తగిలి గ్రీన్ మీదకు వచ్చిందా, అదీ మీదే. ఇది నిన్న మొన్నటి నియమం కాదు. 1744లో స్కాట్లండ్‌లోని లీత్‌లో రాసిన పదమూడు నియమాల్లో పదోది ఇదే: బంతిని మనిషి, గుర్రం, కుక్క, మరేదైనా ఆపితే, ఆగిన చోటే ఆడాలి.

రెండేళ్ల కిందట నా శిష్యురాలు ఒకమ్మాయి టీ షాట్ (ప్రతి గుంటకూ మొదట కొట్టే దెబ్బ) కొట్టింది. బంతి పక్క ఫెయిర్‌వేలో (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే పచ్చిక దారిలో) ఎవరిదో ట్రాలీ చక్రానికి తగిలి గడ్డిలోకి దొర్లింది. తాడు అవతల నిలబడ్డ ఎవరో పెద్దమనిషి "అన్యాయం, మళ్లీ కొట్టమ్మా" అన్నారు. ఆ అమ్మాయి పాపం నమ్మి, టీ మీద ఇంకో బంతి పెట్టి కొట్టేసింది. తను ఒకటో షాట్ అనుకుంది. నిజానికి అది మూడోది: మొదటిది ఒకటి, దాన్ని వదిలి మళ్లీ కొట్టినందుకు పెనాల్టీ ఒకటి, ఇది ఒకటి. స్ట్రోక్ అండ్ డిస్టెన్స్ అంటే ఇదే. తప్పు లెక్కతో స్కోరు కార్డు మీద సంతకం చేయకముందే నేను చూశాను కాబట్టి సరిపోయింది. తర్వాత మొదటి బంతి దగ్గరకు వెళ్లి చూశాను. గడ్డి మీద గుడ్డులా తేటగా కూర్చుని ఉంది. కళ్లు మూసుకుని ఆడగలిగే లై (బంతి కూర్చున్న తీరు).

అందుకే మా పిల్లలకు ఒక్క ప్రశ్న నేర్పాను. తగిలినప్పుడు బంతి కదులుతోందా, ఆగి ఉందా? పంట కాలువలో వేసిన పువ్వుకు చెయ్యి అడ్డం పెట్టారనుకోండి, పెట్టకపోతే అది ఏ రేవుకు చేరేదో ఎవరు చెప్పగలరు? అదే కాలువ గట్టు మీద విడిచిన చెప్పును కుక్క ఎత్తుకుపోతే, చెప్పు ఎక్కడ ఉండేదో అందరికీ తెలుసు. కదిలే బంతి ఆ పువ్వు లాంటిది, ఆగిన బంతి ఆ చెప్పు లాంటిది. ఆగి ఉన్న బంతిని కాకో, కుక్కో, దారిన పోయే మనిషో కదిలిస్తే పెనాల్టీ లేకుండా పాత చోటే పెట్టుకుంటారు. 1998లో అమెరికాలోని సాగ్రాస్ మైదానంలో జరిగిన ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ పోటీలో పదిహేడో గ్రీన్ మీద ఆగిన బంతిని ఒక సముద్రపు పక్షి ముక్కున కరుచుకుపోయి నీళ్లలో పడేసింది. ఆటగాడికి ఏ నష్టమూ రాలేదు. అయితే "కాకి తీసుకుపోయి ఉంటుంది" అంటే కుదరదు. ఎవరైనా చూసి ఉండాలి, లేదా అదే జరిగిందనడానికి గట్టి ఆధారం కనిపించాలి. లేకపోతే మూడు నిమిషాలు వెతికి, పోయిన బంతి కింద లెక్క రాసుకోవడమే.

గ్రీన్ మీద మాత్రం మినహాయింపు ఉంది, గందరగోళం అంతా దీనివల్లే. గ్రీన్ మీద నుంచి కొట్టిన బంతి ఆ గ్రీన్ మీదే ఇంకొకరి కాలికో, కుక్కకో తగిలితే ఆ పుట్ (గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ) రద్దు, తప్పనిసరిగా మళ్లీ కొట్టాలి. జెండా కర్ర, బాల్ మార్కర్, ఆగి ఉన్న బంతి, పురుగులు, మీ సొంత కాలు దీని కిందకు రావు. ఈ గ్రీన్ నియమాన్ని టీ దగ్గరకు మోసుకొచ్చినవాళ్లే నాకు ఫోను చేసేది.

అపోహ: బంతి తిరిగొచ్చి మనకే తగిలితే పెనాల్టీ.

ఒకప్పుడు నిజమే. 2003లో అమెరికాలో మాస్టర్స్ పోటీ చివరి రోజు జెఫ్ మాగర్ట్ ఆధిక్యంలో ఉండగా, మూడో హోల్ (గుంట) దగ్గరి బంకర్‌లో, అంటే ఇసుక పల్లంలో, బంతి అంచుకు కొట్టుకుని ఆయన ఛాతీకే తగిలింది. రెండు స్ట్రోకుల పెనాల్టీ, ఆ హోల్‌కు మొత్తం ఏడు స్ట్రోకులు. 1985 యూఎస్ ఓపెన్‌లో టి.సి. చెన్ క్లబ్బు ఒకే ఊపులో బంతిని రెండుసార్లు తాకింది. ఆ హోల్‌కు ఎనిమిది, చివరికి ఒక్క స్ట్రోకు తేడాతో ఓటమి. 2019 నుంచి అనుకోకుండా జరిగిన ఈ రెండింటికీ పెనాల్టీ లేదు. ఈ పాత కథలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తన బూటుకే బంతి తగిలిందని ఒక కుర్రాడు ఏడుస్తూ ఫోను చేశాడు, పోటీ నుంచి తీసేస్తారేమోనని. "భోజనం చేసి పడుకో నాన్నా" అన్నాను.

అపోహ: జెండా కర్రకు తగిలితే తప్పు. గుంటలో ఉంచిన కర్రకు గ్రీన్ మీద నుంచి కొట్టిన బంతి తగిలినా 2019 నుంచి తప్పు కాదు.

అపోహ: మీ బంతి వెళ్లి ఆగి ఉన్న ఇంకొకరి బంతిని తాకితే ఇద్దరికీ నష్టం. మీది ఆగిన చోటే ఆడతారు, ఆయనది పాత చోట పెడతారు. స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే పోటీలో) రెండు బంతులూ గ్రీన్ మీదే ఉండగా మీ పుట్ వెళ్లి ఆగి ఉన్న బంతికి తగిలితే మాత్రం మీకు రెండు స్ట్రోకులు.

ఇక అదృష్టం సంగతి. ఒక పిల్లవాడి తాతగారు సంక్రాంతికి కుక్కుట శాస్త్రం చూసే అలవాటు కొద్దీ, మనవడి పోటీకి కూడా నక్షత్రం చూసి ఏ రంగు బంతి వాడాలో చెబుతారు. నేను కాదనను. నిబంధనల్లో బంతి రంగు గురించి ఏమీ లేదు.

మొన్న తోటలో రెండో గ్రీన్ మీద ఆగిన బంతిని కాకి ఎత్తుకుపోయి కొబ్బరి మొవ్వులో పెట్టింది. అందరూ చూశారు కాబట్టి కాకి గురించి వాదన లేదు. బంతి ఎక్కడ ఉండేదన్న దాని మీదే జానెడు తేడాకు అరగంట తగువు. చివరికి ఆ పిల్లవాడే ఒక చోటు గుర్తుచేసుకుని ఇంకో బంతి పెట్టాడు. మూడడుగుల పుట్, అదీ తప్పాడు. పాత బంతిని కొబ్బరికాయల దింపు తీసేవాళ్లు వచ్చినప్పుడు అడగాలి.